మూడో ఆదివారం అభ్యంతరం

రామచంద్రపురం,
18-1-1978.

అత్తయ్య గారికి దీనమ్మ వందనాలు.

నేను క్షేమం. ఈ ఉత్తరం కుశలం అడగడానికి రాస్తున్నది కాదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మీ అబ్బాయి మీద విడాకులకి దావా వేశాను. రాజమండ్రి జిల్లా కోర్టులో, గంగాధర్ గారనే ప్లీడరు ద్వారా. ఓడలరేవులో పెళ్ళికి వాయించి వస్తానని ఆయన క్లారినెట్టు పట్టుకుని వెళ్ళి మొన్న డిసెంబరుకి నాలుగేళ్ళు నిండాయి. ఆ పెళ్ళికూతురికి ఈపాటికి ముగ్గురు పిల్లలు. ఈయన అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టి, బ్యాండు మేళంతో ఊళ్ళు తిరుగుతున్నారు. ఇందులో మీకు తెలియనిది ఏదీ లేదు.

దావా కాగితం ఆయన చేతికి అందితే గాని కేసు నడవదట. ముందు ఓడలరేవు పంపారు. ఆ పేరు గల మనిషి తమ ఊళ్ళో లేడని అక్కడివాళ్ళు చెప్పారు. ఇంకో చోటు ఏదైనా ఉందా అని ప్లీడరు గారు అడిగితే మీ ఇంటి చిరునామా ఇచ్చాను. రాజోలు నుంచి కోర్టు అమీనా వస్తారు. కాగితం పుచ్చుకోమని మీ అబ్బాయికి చెప్పండి. నేను అడిగేది అంతే.

నాకు ముప్పై మూడేళ్ళు వచ్చాయి. ఆసుపత్రిలో ప్రతి ఫారం మీదా భర్త పేరు రాయాల్సి వచ్చినప్పుడల్లా కలం ఆగుతోంది. అది ఇక ఆగకూడదు.

మీ కోడలు,
దీనమ్మ.


చింతలమెరక,
రాజోలు తాలూకా,
5-2-1978.

కోడలు దీనమ్మకు అత్తగారు పాపాయమ్మ వందనములతో వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. నాలుగేళ్ళలో ఇది మూడోది. మొదటిది మీ మామగారు పోయినప్పుడు, రెండోది నీ ట్రంకుపెట్టె పంపమని. దస్తూరి ఇంకా గుండ్రంగానే ఉంది. సంతోషం.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. అడగకపోయినా చెప్పాను.

అమీనా గారు గురువారం వచ్చారు. ముత్యాలరాజు గారని, మంచి మనిషి. చెప్పులు బయటే విడిచారు. బొండం కొట్టించి ఇచ్చాను. తాగి మూతి తుడుచుకుని, సంచీలోంచి కాగితం తీసి, "ఆనందరావు గారు ఇంట్లో ఉన్నారాండీ" అన్నారు. "లేడండి" అన్నాను. "ఎక్కడికెళ్ళేరండీ" అన్నారు. "బయటికెళ్ళేడండి" అన్నాను. "ఎప్పుడొస్తారండీ" అన్నారు. "చెప్పి వచ్చే రకం కాదండి వాడు" అన్నాను. "పోనీ మీరు పుచ్చుకుంటారాండీ" అన్నారు. "దాని మీద నా పేరు లేదు కదండీ" అన్నాను. "ఆయ్" అని, కాగితం వెనక "ఇంట లేరు" అని రాసుకుని, ఇంకో బొండం తాగి వెళ్ళారు.

ముప్పై ఒక్క ఏళ్ళు మిషను బళ్ళో పిల్లలకి పాఠం చెప్పిన దాన్ని. నేను అమీనా గారితో అబద్ధం ఆడలేదు. ఆ సంగతి నీకు తెలియాలని రాస్తున్నాను.

అక్కడ తిండి సరిగా తింటున్నావా లేదా రాయి.

అత్తగారు,
పాపాయమ్మ.


రామచంద్రపురం,
20-2-1978.

అత్తయ్య గారికి,

మీరు అబద్ధం ఆడరని నాకు తెలుసు. మీ ఇంట్లో ఐదేళ్ళు ఉన్నాను. అందుకే ప్రశ్న మార్చి అడుగుతున్నాను.

అమీనా గారు బొండం తాగుతున్నప్పుడు మీ అబ్బాయి ఎక్కడ ఉన్నారు? అమీనా గారు వెళ్ళిన పావుగంటకి ఎక్కడ ఉన్నారు? రెండింటికీ విడివిడిగా జవాబు రాయండి.

తిండి సరిగానే తింటున్నాను. మోకాళ్ళకి పచ్చ సీసాలో ఉన్న తైలం రాయకండి, వేడి ఇసక మూట పెట్టుకోండి.

దీనమ్మ.


చింతలమెరక,
12-3-1978.

కోడలు దీనమ్మకు,

మొదటి ప్రశ్నకి జవాబు: పెరటి కాలవలో, కొబ్బరి పీచు డొక్కల పడవలో. రెండో ప్రశ్నకి జవాబు: పీట మీద. రొయ్యలు, గోంగూర వండాను.

కాలవ లాకుల దగ్గర అమీనా గారి సైకిలు కనపడగానే వాణ్ణి పెరటి గడప దాటమన్నాను. వాడు దాటాక ఇంట లేడన్నాను. ముందు దాటాలి, తర్వాత అనాలి. ఆ వరస నేను తప్పలేదు. సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెప్పాను. అమీనా గారు ఆ విధంగా అడగలేదు.

ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి, మనిషి దొరక్కపోతే కాగితం తలుపుకి అతికించి వెళ్ళిపొమ్మని కోర్టువారు చెప్పారట. జిగురు తెచ్చుకోలేదు. ఇంటికొచ్చిన మనిషిని వట్టి చేతులతో ఎలా పంపుతాం? నేనే గంజి కాచి ఇచ్చాను. నీటుగా అతికించారు. పక్కింటి లాజరు చేత సాక్షి సంతకం పెట్టించుకున్నారు. ఆయన సైకిలెక్కి లాకులు దాటకముందే లాజరు మేక వచ్చి కాగితం నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి తినేసింది. గంజిలో ఉప్పు వేసిన మాట నిజం. వంటింట్లో ఏది కాచినా నా చెయ్యి ఉప్పు డబ్బా మీదికి వెళుతుంది. మేకని పిలవాలని వేసింది కాదు.

లాజరు నిజాయితీపరుడు. ఆ సాయంత్రమే రాజోలు వెళ్ళి, తను సంతకం పెట్టిన కాగితం తన మేకే తినేసిందని కోర్టులో చెప్పి వచ్చాడు. కోర్టు గుమాస్తా గారు అది కూడా రాసుకున్నారట.

ఇసక మూట బాగా పనిచేసింది. ఇంకేదైనా ఉంటే రాయి.

పాపాయమ్మ.


రామచంద్రపురం,
28-5-1978.

అత్తయ్య గారికి,

మేక తిన్న సంగతి రాజమండ్రి దాకా వెళ్ళింది. అతికించినట్టు లెక్కలోకి రాదన్నారు. వాయిదా వేశారు.

ఈ మధ్య జరిగింది మీకు చెప్పాలి. మొన్న పద్దెనిమిదో తారీకున ఆసుపత్రి వెనక వీధిలో పెళ్ళి. నేను వార్డు కిటికీ దగ్గర ఇంజెక్షను సూదులు ఉడకబెడుతున్నాను. క్లారినెట్టు వినపడింది. నాలుగేళ్ళయినా ఆ ఊపిరి నాకు తెలుస్తుంది. పై స్వరం దగ్గర ఒకసారి మింగి మళ్ళీ ఎత్తుకుంటారు. కిందికి చూస్తే ఆయనే. ఎర్రకోటు, బంగారు అంచు, నెత్తిన కుచ్చుటోపీ. లావయ్యారు.

ప్లీడరు గారు ముందే ఒక కాగితం నకలు ఇక్కడి కోర్టుకి కూడా పంపించి ఉంచారు. డ్యూటీ నర్సు చిన్నమ్మలుకి అప్పగించి, యూనిఫారంతోనే పరిగెత్తి ఇక్కడి అమీనా గారిని వెంటబెట్టుకొచ్చాను. ఆయన పందిరి దాకా హుషారుగానే వచ్చారు. పందిరి గుంజ దగ్గర ఆగిపోయారు. "పెళ్ళి పందిట్లో విడాకుల కాగితం ఇవ్వమంటారాండీ, నాకూ పెళ్ళికెదిగిన పిల్లలున్నారండీ" అన్నారు. పోనీ బయటికి వచ్చాక ఇవ్వమన్నాను. ఇంతలో పెళ్ళికూతురి తండ్రికి సంగతి తెలిసి చేతులు జోడించుకుంటూ వచ్చారు. "అమ్మా, మా పిల్ల ఊరేగింపు అయ్యేవరకూ ఆ కాగితం మా వీధిలోకి తేకండమ్మా" అన్నారు. ఊరేగింపుతోనే మేళం ఊరు దాటింది. వెళ్తూ వెళ్తూ మీ అబ్బాయి నన్ను చూసి తల వంచి, వాయిస్తూనే వెళ్ళారు.

ఆయన రహస్యం నాకు అప్పుడు తెలిసింది. కోనసీమలో పెళ్ళి పందిరిని మించిన దాపు లేదు. ముహూర్తం వెనక ముహూర్తం ఒప్పుకుంటూ పోతే ఏ అమీనా ఏమీ చెయ్యలేడు. నా పెళ్ళి విడిపోకుండా ఊరందరి పెళ్ళిళ్ళూ కాపాడుతున్నాయి.

ఇంకో మాట దాచాను. చెప్పకపోతే మీతో నేను కూడా గడప దాటించే పని చేసినట్టవుతుంది. మా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే బాబూరావు గారని ఉన్నారు. నలభై ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. నన్ను చేసుకుంటానన్నారు. మూడేళ్ళ కిందట అన్నారు. మళ్ళీ అనలేదు, వెనక్కీ తీసుకోలేదు. రోజూ సాయంత్రం నా సైకిల్లో గాలి ఉందో లేదో చూసి వెళతారు. నాకు ఆయనంటే ఇష్టం. ఈ కాగితం మీ అబ్బాయి చేతికి అందితే గాని ఆ మాటకి జవాబు చెప్పలేను. నాకు కావాల్సింది అదీ.

దీనమ్మ.


చింతలమెరక,
10-6-1978.

దీనమ్మకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి కూడా వచ్చింది.

ఆ బాబూరావు గారు ఏ ఊరివారు? ఏ సంఘం? పొగాకు అలవాటు ఉందా? ఎక్స్‌రే మిషను దగ్గర పనిచేసేవాళ్ళకి ఒంట్లో రక్తం తగ్గుతుందని మా బళ్ళో సైన్సు మాస్టారు అనేవారు, అది నిజమేనా? అమ్మ ఉందా? ఉంటే ఎలాంటి మనిషి? అత్తగారు మంచిది కాకపోతే ఎంత మంచి మొగుడైనా లాభం లేదు.

జ్యేష్ఠం వచ్చింది, అది దాటితే ఆషాఢం. ఆషాఢంలో హిందువులకి పెళ్ళిళ్ళు ఉండవు, మేళానికి పని ఉండదు. వాడు ఎక్కడ ఉంటాడో నన్ను అడక్కు. అడిగితే చెప్పాల్సి వస్తుంది.

పాపాయమ్మ.


రామచంద్రపురం,
5-7-1978.

అత్తయ్య గారికి,

మీరు అడగవద్దన్నారు, అడగను. బాబూరావు గారిది కపిలేశ్వరపురం. పొగాకు లేదు. అమ్మ లేదు. రక్తం సంగతి నేనే పరీక్ష చేయించాను, బాగానే ఉంది.

జడ్జీ గారు విసిగిపోయి కొత్త ఉత్తర్వు వేశారు. ప్రతివాది ఆచూకీ తెలియనందున, అతను పుట్టి పెరిగిన సంఘంలో, ఆరాధనకి జనం కూడినప్పుడు పాస్టరు గారు నోటీసు చదివి వినిపించి, చదివినట్టు సంతకం చేసి పంపాలట. మీ పాస్టరు దానం గారికి కాగితం వచ్చి ఉంటుంది.

దీనితో కేసు నడుస్తుంది. కానీ గంగాధర్ గారికి సంతృప్తి లేదు. మన క్రైస్తవుల విడాకుల చట్టంలో జిల్లా కోర్టు తీర్పు చాలదు, హైకోర్టులో ముగ్గురు జడ్జీలు కూర్చుని ఖాయం చెయ్యాలి. చేతికి కాగితం ఇవ్వకుండా గెలిస్తే, రేపు ఎప్పుడైనా ఈయన వెళ్ళి నాకేమీ తెలియదని ఒక్క మాట అంటే అంతా మళ్ళీ మొదటికి వస్తుందట. నాకు మళ్ళీ పెళ్ళయ్యాక కూడా అనవచ్చునట. అలా అనే మనిషి అవునో కాదో మీకు తెలుసు.

అయినా వేరే దారి లేదు. చదవనివ్వండి.

దీనమ్మ.


చింతలమెరక,
24-7-1978.

దీనమ్మకు,

ఇక్కడ జరుగుతున్నది ఎవరో ఒకరు నీకు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కోర్టు కాగితం ఒక్కసారి చదివితే చాలని ఉందట. కానీ దానం గారికి ఒక పద్ధతి ఉంది. పెళ్ళికి ముందు వధూవరుల పేర్లు మూడు ఆదివారాలు చదివి అభ్యంతరం అడుగుతారు గదా. "పెళ్ళి సంగతి ఏదైనా ఈ మందిరంలో మూడు ఆదివారాలు చదవాల్సిందే. కట్టడానికైనా అంతే, విప్పడానికైనా అంతే" అన్నారు. పెళ్ళి పేర్లు రాసే పుస్తకమే తీశారు, అందులోనే రాశారు.

పదహారో తారీకున మొదటిసారి చదివారు. "ఆచూకీ తెలియని ఆనందరావు అను ప్రతివాదికి" అని మొదలుపెట్టి, నీ పేరు, వాడి పేరు, నంబరు, అన్నీ చదివారు. చివర అలవాటు చొప్పున, "ఈ ఇరువురు విడిపోవుటకు ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల ఇప్పుడే లేచి తెలియజేయవలెను" అన్నారు. ఎవరూ లేవలేదు. జనం కూడా అలవాటు చొప్పున ఆమేన్ అన్నారు. తర్వాత అందరూ నా వైపు చూశారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

నిన్న రెండోసారి. లాజరు లేచాడు. అతను మేక విషయంలో ఇంకా బాధపడుతున్నాడు. "నాదొక అభ్యంతరం ఉందండీ. అరవై తొమ్మిదిలో ఆ పెళ్ళికి నన్ను పిలవలేదండీ. పిలవని పెళ్ళి విడిపోతుంటే నేను వినడం మర్యాదాండీ?" అన్నాడు. దానం గారు ఆలోచించి, వినవచ్చునని, కానీ అభ్యంతరం చెల్లదని చెప్పారు. లాజరు "ఆయ్" అని కూర్చున్నాడు. నేను ఇంటికొచ్చి పాత కాగితాలు వెదికాను. నిజమే, పిలవలేదు. మీ మామగారి పొరపాటు.

వచ్చే ఆదివారం మూడోసారి. సంతకం చేసిన కాగితం పట్టుకెళ్ళడానికి అమీనా గారు వస్తారట.

"ఆచూకీ తెలియని" అనే మాట రెండు ఆదివారాలు విన్నాను. వంటింట్లో వాడికి గంజి పోసి వచ్చి విన్నాను. నేను ఆ మాట అనలేదు, కోర్టువారు అన్నారు. అయినా చెవిలో ఉండిపోయింది.

పాపాయమ్మ.


రామచంద్రపురం,
26-7-1978.

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ ఆదివారం చదవడం, సంతకం అయిపోతే నాకు ఉన్నంతలో చాలు. దయచేసి మీరు ఏమీ చెయ్యకండి. మాట్లాడకండి కూడా.

దీనమ్మ.


చింతలమెరక,
31-7-1978.

దీనమ్మకు,

నీ కార్డు శనివారం అందింది. ఏమీ చెయ్యకూడదనే మందిరానికి వెళ్ళాను.

దానం గారు చదవడం మొదలుపెట్టారు. ఆచూకీ తెలియని అన్నారు. నేను తల దించుకునే ఉన్నాను. అంతా చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల అన్నారు. నా మోకాళ్ళు ఈ మధ్య పట్టుకోకుండా లేవవు. ఎలా లేచాయో లేచాయి.

"నాకుందండీ" అన్నాను.

దానం గారు కళ్ళజోడు తీశారు. "తల్లిగా మీ అభ్యంతరం అర్థమవుతుందండీ" అన్నారు. "తల్లిగా కాదండీ" అన్నాను. "ఆ కాగితంలో ఆచూకీ తెలియదని ఉందండీ. అది అబద్ధం అండీ. నాకు తెలుసండీ. మందిరంలో అబద్ధం రెండుసార్లు చదివేరు, నేను విని ఊరుకున్నాను. మూడోసారి ఊరుకోలేనండీ. వాడు మా వంటింట్లో ఉన్నాడండీ."

ఆ సంగతి అందరికీ తెలుసు గదా. వరండాలో కూర్చున్న ముత్యాలరాజు గారు లేచి సంచీ సర్దుకుని, "చూపిస్తారాండీ" అన్నారు. "ఆయ్, రండి" అన్నాను. మేమిద్దరం బయల్దేరాం. వెనక్కి తిరిగి చూస్తే దానం గారు, ఆయన వెనక సంఘం మొత్తం, పాటల పుస్తకాలతో సహా వస్తున్నారు. లాజరు మేకని ముందే కట్టేశాడు.

వాడు పీట మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. ఇంతమందిని చూసి, "ఏంటమ్మా, ఎవరు పోయేరు" అన్నాడు. "ఎవరూ పోలేదు. చెయ్యి కడుక్కో" అన్నాను. తింటున్న మనిషికి కాగితం ఇవ్వకూడదని అమీనా గారు గుమ్మంలోనే ఆగారు. పెరటి గడప అవతల దానం గారి భార్య నిలబడి ఉంది. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు, చెయ్యి కడుక్కున్నాడు. కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. "నువ్వే చెప్పేవా అమ్మా" అన్నాడు. "ఆయ్, నేనే చెప్పేను" అన్నాను. వాడు క్లారినెట్టు పెట్టె తీసుకుని సాయంత్రం పడవకి వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తానని అనలేదు.

ఇప్పుడు నీకు ఇంకొకటి చెప్పాలి. ఇది నువ్వు అడగలేదు.

వాణ్ణి నేను గడప దాటించింది వాడి మీద ప్రేమతో కాదు. వాడు చేసింది తప్పని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. నాలుగేళ్ళలో నువ్వు నాకు రెండు ఉత్తరాలు రాశావు. దావా వేశాక ఏడు నెలల్లో ఐదు రాశావు. కాగితం వాడికి అందనంతకాలం, వాడెక్కడున్నాడని నువ్వు నన్ను అడుగుతూనే ఉంటావు. అందితే ఇక నాతో పని ఉండదు. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే ఉండేదానివి. కాగితం మీద వాడి పేరొక్కటే ఉంది, కానీ నువ్వు విడిపోయేది నా నుంచి కూడా. నాకెవరూ సమను పంపలేదు గనక నేనే ఆపుతూ వచ్చాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రాసేశాను.

బాబూరావు గారికి నువ్వు చెప్పాల్సిన జవాబు చెప్పు.

పాపాయమ్మ.


చింతలమెరక,
2-11-1979.

దీనమ్మకు,

హైకోర్టువారు ఖాయం చేశారని ముత్యాలరాజు గారు దారిలో కనపడి చెప్పారు. ఆయనకి వచ్చే నెలలో రిటైర్మెంటు.

పదిహేను నెలలుగా నీ ఉత్తరం లేదు. నేను రాసింది చదివి ఏ మనిషీ జవాబు రాయదు. అది నాకు అర్థమయింది. ఇది జవాబు కోసం రాస్తున్నది కాదు. గెలిచావని విన్నాను, సంతోషించాను. అంతే.

పాపాయమ్మ.


రామచంద్రపురం,
28-4-1980.

అత్తయ్య గారికి,

ముందు ఉత్తరం ఎందుకు రాయలేదో చెబుతాను. మీరు మందిరంలో లేచి చెప్పిన సంగతి వినగానే గంగాధర్ గారు సంతోషించలేదు, భయపడ్డారు. ప్రతివాది తల్లే పట్టించిందంటే రెండు వైపులవాళ్ళూ కుమ్మక్కయ్యారని హైకోర్టువారు అనుకుంటారట. మన చట్టంలో కుమ్మక్కు అని తేలితే విడాకులు ఇవ్వరు. కేసు పూర్తయ్యే వరకు, ఆ తర్వాత అప్పీలు గడువు ఆరు నెలలు దాటే వరకు, ఆ ఇంటికి ఒక్క కార్డు ముక్క కూడా వెయ్యవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ గడువు నిన్నటితో తీరింది. ఈ రోజు పొద్దున్న మొదటి పనిగా ఇది రాస్తున్నాను.

మీ ఉత్తరం నాకు డ్యూటీలో ఉండగా అందింది. ఎక్స్‌రే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. బాబూరావు గారు బయట నిలబడి, మిషను పాడయిందని చెప్పి రోగులందరినీ మధ్యాహ్నం రమ్మన్నారు. నవంబరులో మీరు రాసిన రెండోది అందినప్పుడు కూడా మిషను పాడయింది.

పెళ్ళయిన ఏడాదికి నన్ను నర్సు ట్రైనింగుకి పంపింది మీరు. మీ అబ్బాయి వద్దంటే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నా ట్రంకుపెట్టె మీద పేరు రాసింది మీరు. ఈ ఉద్యోగం, ఈ జీతం, చివరికి కోర్టుకి వెళ్ళే ధైర్యం కూడా మీరు పెట్టినవే. మీరు ఆయన్ని గడప దాటించినందుకు ఆరు నెలలు మండిపడ్డాను. ఆ కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఇప్పుడు లేదు.

మే పద్నాలుగు, బుధవారం, ఇక్కడి మందిరంలో మా పెళ్ళి. మేళం పెట్టడం లేదు.

పెళ్ళి రిజిస్టరులో వధువు తరఫు పెద్ద సంతకం చెయ్యాలి. మా అమ్మ నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయింది, నాన్నని మీరూ నేనూ కలిసే సమాధి చేశాం. ఇక్కడి పాస్టరు గారు ఎవరని అడిగితే మీ పేరు రాయించాను. పేరు పక్కన సంబంధం అని ఒక గడి ఉంది. ఏం రాయాలన్నారు. అత్తగారు అని రాస్తే ముగ్గురు హైకోర్టు జడ్జీలు కాదన్నారు. ఏమీ కాదు అని రాస్తే నేను ఒప్పుకోను. మీ చేత అబద్ధం మీద సంతకం పెట్టించలేను కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేయమన్నాను. మీరే వచ్చి నింపండి.

అమలాపురంలో బస్సు దిగి ముక్తేశ్వరం బస్సు ఎక్కండి. పంటు మీద గోదావరి దాటితే కోటిపల్లి రేవులో మేమిద్దరం ఉంటాం.

దీనమ్మ.


చింతలమెరక,
4-5-1980.

దీనమ్మకు,

ఉత్తరం అందింది. కార్డు మీద రాస్తున్నాను గనక పోస్టుమాను అంజిబాబు కూడా చదువుతాడు. చదవనీ.

పదమూడో తారీకు మంగళవారం బయల్దేరుతున్నాను. ఆ గడిలో తల్లి అని రాస్తాను. ఆలోచించాను, అది అబద్ధం కాదు.

పెళ్ళికి లాజరుని పిలవాలి. కార్డు వేరే పంపు, ఇంటి పేరు సరిగా రాయి. రేవులో ఎండగా ఉంటుంది, గొడుగు తెచ్చుకోండి.

పాపాయమ్మ.